తెర అవతల ఎవరు

ఆ వారమంతా హరనాథుకు కంప్యూటరుతో పోట్లాటే. అది వాడి మాట వినదు, వాడు దాని మాట వినడు. అన్నానికి పిలిస్తే "వస్తున్నా పేరమ్మత్తా" అనడం, పప్పు చల్లారిపోయాక రావడం. మఠంలో వంట నాది. చల్లారిన పప్పు ఎవరైనా తింటుంటే నాకు ఒళ్ళు మండుద్ది.

"ఏందిరా దాని బాధ?" అన్నాను ఒకరోజు, వడ్డిస్తూ.

"అవతల ఉన్నది నిజంగా మనదేనా అని అడుగుతోంది అత్తా. మనదే అంటే నమ్మదు. రుజువు చూపించమంటుంది."

"చూపించు మరి. నీ సొమ్మేం పోయింది?"

"అది తెచ్చిపెట్టడం పెద్ద తలనొప్పి. దాన్ని అడగొద్దనడమే తేలిక" అన్నాడు.

ఆ కుర్రాడి తెలివే అంత. తెలివిగలవాడని అందరికీ తెలుసు. వాడికి అందరికంటే బాగా తెలుసు, అదే చిక్కు.

మా మఠం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఒంగోలుకు పడమటగా, నల్లరాయి క్వారీల మధ్యన ఉంటుంది. మా శరభయ్య స్వామి తాగుడు మాన్పిస్తారు. మందూ మాకూ ఏం లేదు. ఒక గది, గదికి అడ్డంగా మందపాటి తెర. తెర వెనక స్వామి కూర్చుంటారు. ఇవతల కూర్చున్నవాడు ఈ వారం తాగాడో లేదో, ఎందుకు తాగాడో, తాగి ఇంట్లో ఎవర్ని ఏడిపించాడో చెప్పుకుంటాడు. స్వామి "ఊఁ" అంటారు. తిట్టరు, బుద్ధులు చెప్పరు. అయినా జనం మారతారు. ఎట్టా మారతారో నన్నడిగితే నాకు తెలవదు. నా మొగుడు మారాడు, అది తెలుసు. మంచి మనిషిగా కన్నుమూశాడు. నేను ఇక్కడే ఉండిపోయాను.

వచ్చేవాళ్ళు తలకు తువ్వాలు చుట్టుకుని వస్తారు. బడిపంతులు ఉంటాడు, పోలీసాయన ఉంటాడు. బయట తెలిస్తే ఒకడికి ఉద్యోగం పోద్ది, ఒకడికి కాపురం పోద్ది. అందుకని మాకొక ఆచారం ఉంది. మాట మొదలుపెట్టేముందు తెర కిందనుంచి ఒక చెయ్యి బయటికొస్తుంది. ఆ చేతికి మా మఠానికి పైనున్న పెద్దమఠం వాళ్ళు ఇచ్చిన ముద్ర ఉంగరం ఉంటుంది. తాగుడు మానతామని దీక్ష తీసుకున్ననాడే ఆ ముద్ర ఎట్టా ఉంటుందో ప్రతివాళ్ళకీ చూపించి, వేలితో తడిమిస్తారు. ఆ ఉంగరం చూసుకుని, అప్పుడు నోరు విప్పాలి. స్వామి ఊళ్ళో లేనప్పుడు పెద్దమఠం నుంచి ఇంకొకరు వస్తారు. ఆయన చేతికీ అదే ముద్ర ఉంటుంది. ఉంగరం కనపడకపోతే లేచి వెళ్ళిపోవాలి. ఎంత పెద్దవాడైనా అంతే.

హరనాథుకు ఈ ఆచారం నచ్చదు.

"లోపల ఉన్నది గురువుగారేనని లోకమంతా తెలుసు గదా అత్తా. ఒక్కొక్కళ్ళూ వంగి, కళ్ళజోడు పెట్టుకుని ఉంగరం చూసుకునేసరికి బయట వరస రోడ్డు దాకా పెరుగుతోంది" అనేవాడు.

వాడి తండ్రి తాగుడు మా తెర ముందే మానాడు. ఆ కృతజ్ఞత మీదే బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం వదులుకుని వచ్చాడు. మనసు మంచిది. కాకపోతే కుదురు తక్కువ.

వచ్చినవాడు ఊరుకోలేదు. దూరంగా ఉన్నవాళ్ళు పని మానుకుని వారం వారం రాలేకపోతున్నారని ఒక ఉపాయం కనిపెట్టాడు. ఫోనులో ఒక బొమ్మ. సాయంత్రం దాన్ని నొక్కి ఇవాళ తాగానో లేదో చెప్పొచ్చు, మనసులో ఇంకేదైనా ఉంటే అదీ చెప్పొచ్చు.

"ఆ మాట యాడికి పోద్దిరా?" అని అడిగాను.

"మన ప్రోగ్రాముకు పోద్ది. అది తీసుకెళ్ళి డేటాబేసులో పెట్టుద్ది."

"అదెక్కడుంది? ఆ చెక్క బీరువాలోనా?"

వాడు పగలబడి నవ్వాడు. "మన దగ్గర కాదత్తా. నగరంలో ఒక కంపెనీ వాళ్ళ దగ్గర అద్దెకు తీసుకున్నాం. ఎవరి పేరు కింద వాళ్ళ మాటలు వరసగా అక్కడ ఉంటాయి. గురువుగారు ఇక్కణ్ణుంచి చూసుకుంటారు."

ఎదుటివాడి గుట్టు మన ఇంట్లో కాకుండా అద్దె ఇంట్లో పెట్టడమేందో నాకు మింగుడు పడలా. అయినా కాలం మారింది, మనకెందుకులే అనుకున్నాను.

ఆ ఫోను సంగతి విని అందరికంటే ముందు వచ్చింది చెంచయ్య. క్వారీలో క్రేను తోలుతాడు. ఇల్లంత రాయిని గాల్లోకి లేపి లారీ మీద పెట్టే పని. తాగుడు అలవాటు ఉన్నవాడని తెలిస్తే క్రేను ఎక్కనివ్వరు. మానేశానన్నా వినరు. ఒకడికి అట్టానే జరిగింది, వాడిప్పుడు రాయి కొట్టుకుంటున్నాడు. చెంచయ్యకు క్రేను తప్ప ఇంకో పని రాదు. క్రేను అంటే వాడికి కన్నబిడ్డ కంటే ఎక్కువ. మఠానికి రావాలంటే చుట్టం చచ్చిపోయాడనో, పళ్ళనొప్పనో రోజుకో అబద్ధం ఆడాల్సి వస్తోంది. ఇంక చంపడానికి చుట్టాలు కూడా మిగల్లేదు పాపం.

"అబ్బాయా, ఇందులో చెబితే నా పేరు బయటికి పొక్కదు గదా?" అని అడిగాడు. అడుగుతుంటే గొంతులో వణుకు నాకు వంటింట్లోకి వినపడింది.

"కళ్ళు మూసుకుని నొక్కు మామా. నేనున్నా గదా" అన్నాడు హరనాథు.

పున్నమినాడు దీక్ష. ఆ రోజే అందరికీ ఫోనులో అది పెట్టిస్తానని మాటిచ్చాడు. పున్నమి దగ్గరికొచ్చేసింది, ఆ మాయదారి కంప్యూటరేమో రుజువు రుజువు అని కూర్చుంది.

ఒకనాడు భోజనానికి వేళకే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అయిపోయిందత్తా! కలిసింది!"

స్వామి అప్పుడే చేతులు కడుక్కుంటున్నారు. "ఏం కలిసింది?" అన్నారు.

"మన ప్రోగ్రాము డేటాబేసుతో కలిసింది గురువుగారూ. రాయమంటే రాస్తోంది, చూపించమంటే చూపిస్తోంది. పరీక్షకని పేరమ్మత్త పచ్చళ్ళ పేర్లన్నీ అందులో పెట్టాను. మాగాయ వారం నుంచి తాగలేదు. గోంగూర నిన్న తాగింది."

స్వామి నవ్వారు. "మరి అది అడిగిన ప్రశ్న?"

"ఏ ప్రశ్న?"

"అవతల ఉన్నది మనదేనా అని అడుగుతోందన్నావటగా."

"ఓ, అదా! ఇక్కణ్ణుంచి అక్కడిదాకా మాట తాళం వేసుకుని పోతుంది గురువుగారూ. దారిలో ఎవరు పట్టుకున్నా అక్షరం ముక్క అర్థం కాదు."

"నేనడిగింది అది కాదు."

హరనాథు తల గోక్కున్నాడు. "ఆ ప్రశ్న అడగొద్దని చెప్పేశాను. ఫోన్లకూ చెప్పాను, ఇక్కడా చెప్పాను. అడుగుతుంటే పని సాగడం లేదు. మాట బయటికి వినపడనప్పుడు ఇంకేం కావాలి?"

స్వామి ఒక్క క్షణం వాడివంక చూశారు. తర్వాత నావంక తిరిగి మజ్జిగ పొయ్యమన్నారు. నాలుగు చీవాట్లు పెడతారేమో, చూద్దామని గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఏం లేదు. మజ్జిగ తాగి లేచి వెళ్ళిపోయారు.

పున్నమికి ముందు మఠంలో ఉండేవాళ్ళం కూడా తెర ముందు కూర్చుంటాం. తాగినా తాగకపోయినా మనసులో చెత్త అందరికీ ఉంటుంది గదా. హరనాథు వంతు వచ్చే ముందురోజు స్వామి వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"పేరమ్మా, రేపు పొద్దున తెర వెనక నువ్వు కూర్చో."

నా చేతిలో గిన్నె జారిపోబోయింది. "శివశివా! నేనా? ఎవరికి?"

"హరనాథుకు."

"నేనేం మాట్లాడతాను స్వామీ?"

"ఊఁ అనడం వచ్చుగా?"

"అది పాపం స్వామీ!"

"పాపం నాది. ఊఁ నీది" అన్నారు. "నీ పక్కనే ఉంటాను. భయపడకు."

ఆ రాత్రి తిన్నది వంటబట్టలా నాకు. పొద్దున్నే ఉప్మాకని రవ్వ వేయిస్తుంటే పిలుపొచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని పోయి తెర వెనక కూర్చున్నాను. స్వామి గోడకు ఆనుకుని, ఊపిరి వినపడకుండా నిలబడ్డారు. వారం నుంచి జలుబు చేసి నా గొంతు మగాడి గొంతైపోయి ఉంది. అదీ ఆయన గమనించే ఉంటారు, మహానుభావుడు.

హరనాథు వచ్చాడు. తలుపు వేసి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. కిటికీ రెక్కలు కూడా వేశాడు. మళ్ళీ ఏదో అనుమానం వచ్చి, కిటికీ సందులోంచి పెరట్లోకి తొంగి చూసినట్టున్నాడు. అప్పుడొచ్చి కూర్చున్నాడు.

నా చేతికి ఉంగరం లేదు. చెయ్యి బయట పెట్టలేదు. వాడు అడగనూ లేదు.

"గురువుగారూ" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"ఊఁ" అన్నాను.

"ఈ మధ్య నాకు విసుగెక్కువైంది. పేరమ్మత్త మీద కూడా విసుక్కుంటున్నాను. ఆమె తప్పేం లేదు. కాకపోతే పప్పులో ఉప్పు మరీ ఎక్కువేస్తుంది, చెప్తే ఒప్పుకోదు."

"ఊఁ!" అన్నాను. కాస్త గట్టిగానే వచ్చింది. స్వామి భుజాలు కదిలాయి, నవ్వు ఆపుకుంటున్నారు కాబోలు.

వాడు ఇంకా ఏవో చిన్న చిన్నవి చెప్పాడు. పొద్దున లేవలేకపోతున్నానని, జపం మధ్యలో ఫోను చూస్తున్నానని. అంతలో మాట ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆ గొంతు వాడిది కాదు.

"ఒకటి ఉంది గురువుగారూ. మా అమ్మకు కూడా తెలియదు. మీకొక్కరికే చెప్పగలను. ఇది ఇంకెవరికన్నా తెలిస్తే నేను బతకను."

వద్దురా నాయనా, చెప్పబాకు అని అరవాలనిపించింది. స్వామి మొహం వంక చూశాను.

"ఆ రోజు మా నాన్నను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు, నేను..."

నేను గట్టిగా చెవులు మూసుకున్నాను. స్వామి చెయ్యి చాపి తెర లాగేశారు.

ఎదురుగా హరనాథు. ఇవతల రవ్వ అంటిన కొంగుతో నేను. చెవుల మీద చేతులు అట్టానే ఉండిపోయాయి.

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు తెరుచుకునే ఉంది, లోపల ఆగిపోయిన మాట అక్కడే ఉంది.

"అత్తా... నువ్వా?"

"నువ్వేం చెప్పలేదురా" అన్నాను. ఏడుపొచ్చేసింది. "ఒట్టు, నా చెవినేం పడలా. ఉప్పు సంగతి తప్ప నాకేం తెలవదు."

ఇంకొక్క మాట అయితే? ఆ ఒక్క మాటా బయటికి రానందుకు శివయ్యకు ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో.

స్వామి వచ్చి వాడి ఎదురుగా కూర్చున్నారు.

"తలుపు వేశావా?" అని అడిగారు, మెల్లగా.

"వేశాను."

"కిటికీ?"

"వేశాను."

"గొంతు తగ్గించావా?"

"తగ్గించాను గురువుగారూ."

హరనాథు ఆయన చేతి ఉంగరం వంక చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లేచి, గడియ తీసుకుని, ఉప్మా కూడా తినకుండా కంప్యూటరు గదిలోకి పోయాడు.

మధ్యాహ్నానికి ఆ గదిలోంచి ఒక కేక. నేను పరిగెత్తాను.

"మనదే అత్తా! మొదట్నుంచీ మనదే!"

సంగతేందంటే, ఆ అద్దెకిచ్చిన కంపెనీవాళ్ళు తమ ముద్ర ఇదీ అని ఎవరడిగినా ఇస్తారట. దాన్ని తెచ్చి మన ప్రోగ్రాము దగ్గర పెట్టి, ఈ ముద్ర చూపించి పలానా పేరుగలవాణ్ణని చెబితేనే మాట్లాడు, లేకపోతే నోరు మూసుకో అని చెప్పాలట. అంతే పని. ఆ ముద్ర తెచ్చిపెట్టకుండా వారంపాటు దానితో కుస్తీ పట్టాడు పిచ్చి సన్నాసి. పెట్టగానే కిక్కురుమనకుండా కలిసింది.

గుండెల మీంచి బండ దిగినట్టు నవ్వుకుంటూ స్వామి దగ్గరికి పోయాడు. వెనకే నేనూ పోయాను.

"ఊరికే కంగారుపడ్డాను గురువుగారూ. ఏమీ కాలేదు. అవతల ఉన్నది మనదే!"

"పొద్దున తెర వెనక ఉన్నది కూడా మన పేరమ్మే" అన్నారు స్వామి.

వాడి నవ్వు ఆగిపోయింది.

మళ్ళీ గదిలోకి పోయి కూర్చున్నాడు. ఈసారి కేకలు లేవు. ఏం చేస్తున్నావురా అంటే, ఒక్కొక్కటీ చెప్పాడు. డేటాబేసు తాళంచెవిని ప్రోగ్రాములోనే రాసి పెట్టుకున్నాడట, చెవి తెచ్చి గడప మీద పెట్టి ఊరికి పోయినట్టు. అది తీసేసి, తాళం మార్చి, కొత్త చెవిని వేరేచోట భద్రం చేశాడు. ఎవరైనా వచ్చి తలుపు కొట్టేట్టు ఆ డేటాబేసును లోకమంతటికీ తెరిచిపెట్టాడట. దాన్నీ మూసి, మన ప్రోగ్రాము ఒక్కటే వచ్చేట్టు చేశాడు. ఫోన్లకు కూడా, ఎదటివాడి ముద్ర చూడందే పెదవి విప్పొద్దని చెప్పాడు. చివరికి జనం చెప్పుకున్న మాటలు స్వామికి తప్ప ఎవరికీ, తనక్కూడా, కనపడకుండా చేసుకున్నాడు.

"నీక్కూడానా? కట్టింది నువ్వే గదరా" అన్నాను.

"కట్టినవాడికెందుకత్తా అవి?" అన్నాడు.

చీకటి పడేముందు వాడు మళ్ళీ తెర గదిలోకి పోవడం చూశాను. నేను పెరట్లోకి పోయి రోట్లో పచ్చడి వేసుకుని దబదబా నూరాను. అవసరానికి మించి నూరాను. అది పచ్చడి కాదు, గంధమైపోయింది. లోపల వాడేం చెప్పుకున్నాడో గానీ, బయటికొచ్చాక వేడన్నంలో ఆ గంధం కలుపుకుని రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఉప్పు గురించి ఏమీ అనలేదు.

పున్నమి వచ్చింది. జనం వచ్చారు. చెంచయ్య ఫోను చాపి మళ్ళీ అదే అడిగాడు.

"అబ్బాయా, కళ్ళు మూసుకుని నొక్కమన్నావు. నొక్కొచ్చా?"

"కళ్ళు తెరుచుకునే నొక్కు మామా" అన్నాడు హరనాథు. "ఎప్పుడైనా ఎర్రగా వచ్చి వద్దంటే మాత్రం బలవంతం చెయ్యబాకు. ఇక్కడికి రా."

చెంచయ్యకు అర్థమైనట్టు లేదు. తలూపి వెళ్ళాడు.

చాన్నాళ్ళు బాగా సాగింది. సాయంత్రాలు స్వామి ఆ కంప్యూటరు ముందు కూర్చుని చూసుకునేవారు. ఒక్కోసారి తనలో తనే "ఊఁ" అనుకునేవారు. పాత అలవాటు.

ఒకనాడు ఎండపొద్దు. నేను అరుగు మీద గోంగూర వలుస్తున్నాను, హరనాథు బావి దగ్గర బట్టలు ఉతుకుతున్నాడు. చెంచయ్య వచ్చాడు. తలకు తువ్వాలు కూడా చుట్టుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేకో, మరెందుకో నేను అడగలేదు. వస్తూనే ఎగిరాడు.

"మీ ఫోను తగలెయ్య! నిన్న సాయంత్రం నుంచి నా మాట తీసుకోవడంలా. అసలే నా బాధలో నేనుంటే అది ఎర్రగా మొహం పెట్టి కూర్చుంటుందేంది? మనిషి చెప్పుకుందామనుకున్నప్పుడు వినకపోతే ఇంకెందుకది?"

హరనాథు తడిచేతులు తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. అందులో తెలుగులోనే రాసుంది, నాకూ చదివి వినిపించాడు. 'అవతల ఉన్నది మఠం కాదు. మీ మాట పంపలేదు.'

"మామా, ఇది ఎక్కడుండి నొక్కావు?"

"క్వారీ ఆఫీసు పక్కన. ఆఫీసోళ్ళు కొత్తగా అందరికీ నెట్టు ఇచ్చారు. ఊరికే వస్తుంటే కాదనడమెందుకని కలుపుకున్నా. కలుపుకునేముందు ఏదో ఒప్పుకోమంది, సరే అని నొక్కా."

హరనాథు ఆ ఫోనును అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు. ఆ నెట్టు తీసేసి మామూలుగా కలిపితే చక్కగా మఠం పేరు చూపిస్తోంది. అరుగు మీద కూలబడ్డాడు.

"వాళ్ళ నెట్టు మధ్యలో కూర్చుని, మఠం నేనే అంటోంది మామా. దానికి కలుపుకున్నోళ్ళు ఎవరితో ఏం మాట్లాడినా విప్పి చూసి, మళ్ళీ మూట కట్టి పంపుతున్నారు."

"ఎవరు?"

"మీ ఆఫీసోళ్ళు."

చెంచయ్య మొహం పాలిపోయింది. స్తంభం పట్టుకున్నాడు. క్రేను, ఇల్లు, అంతా కళ్ళముందు తిరిగినట్టుంది పాపం.

"అంటే నిన్న నేను నొక్కింది..."

"పోలేదు."

"వాళ్ళు చూళ్ళేదా?"

"అసలు పోనేలేదు మామా! నీ ఫోను నోరు విప్పలా! ముద్ర అడిగింది, వాళ్ళ దగ్గర లేదు, మూసుకుని కూర్చుంది!" హరనాథు ఒక్క గెంతున లేచి ఆ మనిషిని కావలించుకున్నాడు. వారంపాటు ఆ ప్రశ్నను తిట్టిపోసినవాడు ఇవాళ అదే ప్రశ్న అడిగిందని చిన్నపిల్లాడిలా గెంతుతున్నాడు. నేను గోంగూర కింద పడేసి రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టాను.

చెంచయ్య అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. భయం దిగిపోయిన ఏడుపు అది. మంచినీళ్ళిస్తే గటగటా తాగాడు. కాసేపటికి తేరుకుని హరనాథు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అబ్బాయా, నా బతుకు నిలబెట్టావు. నీ దగ్గర దాపరికమేంది? నిన్న నేనేం నొక్కానో చెప్తా విను. నిన్న..."

హరనాథు చటుక్కున అరిచెయ్యి తీసుకెళ్ళి చెంచయ్య నోటికి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్పబాకు మామా."

"నువ్వు మనోడివేగా?"

"మనోణ్ణే. అయినా చెప్పబాకు."

చెయ్యి పట్టుకుని స్వామి ఉన్న తెర గది దాకా తీసుకెళ్ళాడు. చెంచయ్యను లోపల కూర్చోబెట్టి, తలుపు బయటనుంచి దగ్గరికి వేసి, వచ్చి నా పక్కన కూర్చుని గోంగూర అందుకున్నాడు. కాడలు కాడలుగా, ఆకులు ఆకులుగా వలుస్తున్నాడు. నేను ఆగలేకపోయాను. ఎంతైనా మనిషిని గదా.

"తాగినట్టే ఉన్నాడు గదరా? ఏం నొక్కాడంటావు?"

"నాకు తెలియదత్తా" అన్నాడు. కట్టెలమోపు దించినవాడిలా తేలిగ్గా అన్నాడు.

చెంచయ్య ఎప్పుడు వెళ్ళిపోయాడో మేం చూడలేదు. పొద్దు వాలాక స్వామి భోజనానికి వచ్చారు. గోంగూర పప్పు వడ్డించాను. ఆయన అన్నం కలుపుతూ, తలెత్తకుండా అడిగారు.

"చెంచయ్య నీతో ఏమన్నాడు?"

"చెప్పబోయాడు గురువుగారూ. చెప్పనివ్వలేదు" అన్నాడు హరనాథు.

స్వామి ఒక ముద్ద తిన్నారు. ఇంకొక ముద్ద తిన్నారు. చెంబెత్తి మంచినీళ్ళు తాగారు.

"పెద్దమఠం నుంచి పిలుపొచ్చింది, వచ్చే వారం నేనుండను. వాళ్ళతో చెప్పి నీకు ముద్ర ఉంగరం తెప్పిస్తాను" అన్నారు. "తెర వెనక నువ్వు కూర్చో."